అటక మీది గొంతులు

తెనాలిలో రైలెక్కితే రేపల్లె 34 కిలోమీటర్లు. దారిలో వేమూరు వస్తుంది. 1933 నాటి ‘సావిత్రి’ సినిమాలో యముడిగా ప్రేక్షకుల్ని హడలెత్తించిన వేమూరి గగ్గయ్యది ఆ ఊరే. అదే తెనాలి నుంచి మెయిన్ లైనులో చెన్నై వైపు వెళితే బాపట్ల వస్తుంది. స్థానం నరసింహారావు 1902లో పుట్టింది అక్కడే. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషం కట్టి, సత్యభామ అంటే స్థానమే అనిపించుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. గగ్గయ్య 1955లోనే వెళ్లిపోయారు. స్థానం పోయి కూడా యాభై ఏళ్లు దాటింది. అయినా వాళ్ల గొంతులు ఇవాళ సెల్‌ఫోన్లో వినిపిస్తున్నాయంటే కారణం ఒకటే. గ్రామఫోను ప్లేటులో ఉన్న పాటను ఎవరో ఓపిక చేసుకుని క్యాసెట్టులోకి ఎక్కించారు. క్యాసెట్టు పాడవకముందే మరొకరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు.

ఈ ప్రసంగం ఆ ఎక్కించే పని గురించే. ప్రసిద్ధుల పాటలకు అభిమానులుంటారు, సేకరించి దాచేవాళ్లుంటారు. తాతయ్య పాడిన రాయబారం పద్యాన్ని, నానమ్మ మంగళహారతిని, గల్ఫ్ నుంచి మామయ్య ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్టును దాచాల్సింది మాత్రం ఆ ఇల్లే. ఇంకెవరి దగ్గరా అవి లేవు.

పాటను మోసే వస్తువు మారినప్పుడల్లా పాట కూడా కొంత మారుతూ వచ్చింది. 78 ఆర్‌పీఎం ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. స్టేజీ మీద వన్స్‌మోర్లతో సాగే పద్యాన్ని ఆ కాస్త సమయంలోకి కుదించి పాడాల్సి వచ్చేది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును తెచ్చాక ఆ ఇబ్బంది తీరింది. గంట క్యాసెట్టు, గంటన్నర క్యాసెట్టు వచ్చాయి. కంపెనీ ముద్రించి అమ్మిందే వినడం కాకుండా, ఇంట్లో వాళ్లే రికార్డు చేసుకునే వీలు మొదటిసారి మామూలు కుటుంబాలకు దొరికింది. 1979లో సోనీ వాక్‌మన్‌తో పాట నడిచే మనిషి వెంట నడిచింది. 1982లో సీడీ వచ్చింది. ఆ తర్వాత జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజనీర్ల కృషి ఫలించి, సీడీలోని శబ్దాన్ని పదకొండో వంతుకు కుదించే పద్ధతి తయారైంది. 1995లో ఆ ఫైళ్లకు ఎంపీ3 అన్న గుర్తు స్థిరపడింది. సెల్‌షాపులో డబ్బులిచ్చి చిప్పులో వందల పాటలు ఎక్కించుకున్న రోజులు దాని పుణ్యమే.

ఎంపీ3 అంత చిన్నదెలా అయింది? పెద్ద శబ్దం మోగుతున్నప్పుడు దాని పక్కనే ఉన్న చిన్న శబ్దాన్ని మనిషి చెవి పట్టించుకోదు. అలాంటి వాటిని ఏరి తీసేయడమే ఆ కిటుకు. కానీ ఒకసారి తీసేసింది మళ్లీ రాదు. ఎంపీ3ని ఇంకో ఎంపీ3గా మారుస్తూ పోతే ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. కాబట్టి పాత క్యాసెట్టును కంప్యూటర్లోకి తెచ్చేటప్పుడు అసలు ప్రతిని, ఏమీ తీసేయని వావ్ ఫైలుగానో, ఫ్లాక్ ఫైలుగానో ఉంచండి. బంధువులకు పంపడానికి దాని నుంచి ఒక ఎంపీ3 తీసుకోండి. చోటు చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. సీడీ నాణ్యతలో వావ్ ఫైలు నిమిషానికి పది ఎంబీలు తీసుకుంటుంది. గంట క్యాసెట్టు మొత్తం 600 ఎంబీల పైచిలుకు. 32 జీబీ పెన్‌డ్రైవులో అలాంటివి నలభైకి పైగా పడతాయి.

ఇక పని ఎలా చేయాలో చూద్దాం. క్యాసెట్టును టేప్‌రికార్డరులో పెట్టకముందే ఒక జాగ్రత్త తీసుకోవాలి. టేపు బయటికి కనిపించే అంచుకు ఎదురు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేయండి. అప్పుడిక రికార్డు బటన్ పొరపాటున నొక్కినా పనిచేయదు, ఉన్న గొంతు చెరిగిపోదు. తర్వాత క్యాసెట్టు కిటికీలోంచి చూస్తూ రీలు పరిశీలించండి. సూర్యలంక, నిజాంపట్నం సముద్రతీరం వైపు నుంచి వీచే తేమగాలిలో ఏళ్ల తరబడి ఉన్న టేపుకు బూజు పడుతుంది. రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని ప్లే చేయొద్దు. బూజు టేపు నుంచి దాన్ని చదివే హెడ్డుకు, హెడ్డు నుంచి తర్వాత పెట్టే క్యాసెట్టుకు అంటుకుంటుంది. అలాంటి దాన్ని విడిగా తీసిపెట్టి, పని తెలిసినవాళ్లకే అప్పగించండి.

రీలు బాగుంటే, హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లుగా అతుక్కుని ఉన్న చుట్లు వదులవుతాయి. గొంతు సాగినట్టు, బరువుగా వినిపిస్తే తప్పు టేపుదే అనుకోవద్దు. చాలాసార్లు టేప్‌రికార్డరులో బెల్టు వదులైపోయి ఉంటుంది. ఆ బెల్టు మార్పించుకోండి.

టేప్‌రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక కేబులు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి శబ్దం లోపలికి తీసుకునే సరైన రంధ్రం ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న ఆడియో అడాప్టరు కొంటే సరిపోతుంది. రికార్డు చేయడానికి ‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. శబ్దం కొలత ఎర్రగీత తాకకుండా చూసుకోండి. అక్కడికి చేరితే గొంతు పగిలిపోతుంది, దాన్ని బాగుచేయడం కుదరదు. తక్కువ శబ్దంతో వచ్చినదాన్ని మాత్రం తర్వాత పెంచుకోవచ్చు. హిస్సుమనే రొదను తీసేయాలన్న తొందరలో అసలు ఫైలును ముట్టుకోవద్దు. నకలు తీసి దాని మీద ప్రయత్నించండి. నానమ్మ పాట వెనక వినిపించే గిలక చప్పుడు కూడా ఆ ఇంటిదే, సాఫ్ట్‌వేరు దాన్ని రొద కిందే లెక్కేస్తుంది.

పెళ్లి వీడియోలది మరింత తొందర పడాల్సిన వ్యవహారం. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఇంట్లో ఉంటుంది, ప్లేయరు ఉండదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు పనిచేస్తున్నవన్నీ పాతవే, మరమ్మతు చేసేవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. స్టూడియోకు ఇచ్చేటప్పుడు ‘పెన్‌డ్రైవులో వేసివ్వండి’ అని ఊరుకోకుండా, ఎంపీ4 ఫైలుగా, హెచ్264 పద్ధతిలో కావాలని అడగండి. 2003లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతిని దాదాపు ప్రతి ఫోనూ, ప్రతి కొత్త టీవీ చదువుతుంది. పెన్‌డ్రైవు ఖాళీగా ఉన్నా ‘ఫైలు పెద్దది’ అంటూ మొరాయిస్తే కంగారు పడకండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవు 4 జీబీకి మించిన ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌గా మారిస్తే తీసుకుంటుంది. మార్చేముందు లోపలున్నవి వేరేచోట దాచుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

ఇంట్లో రాసిన సీడీలను ఎండ తగిలే చోట పెట్టకండి. వాటిలో సమాచారం పట్టి ఉండేది ఒక రంగు పూతలో. వెలుతురుకు, వేడికి ఆ పూత పాడవుతుంది. సొరుగులో పడి ఉన్న పాత బటన్ ఫోన్లను కూడా ఒకసారి ఛార్జి పెట్టి చూడండి. వాటిలో 3జీపీ వీడియోలు, ఏఎంఆర్ రికార్డింగులు ఉంటాయి. బొమ్మ అగ్గిపెట్టెంత, శబ్దం గరగర. అయినా ఒక మనిషి నవ్విన నవ్వు ప్రపంచం మొత్తానికి అక్కడే ఉండి ఉండొచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జి పెట్టకండి, షాపులో తీయించండి.

ఇక ఫొటోల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి చేరుతుంది. దాచుకోవాల్సిన ఫొటో అయితే డాక్యుమెంటుగా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

ఇవన్నీ దాచడానికి చిప్పులు కొనేటప్పుడు ఒక మోసం గురించి తెలిసి ఉండాలి. ఒక టెరాబైటు కార్డు రెండు మూడు వందలకే వస్తోందంటే అనుమానించాల్సిందే. లోపల ఉండేది 8 లేదా 16 జీబీ. దాని కంట్రోలరు మాత్రం తనది పెద్ద కడుపని ఫోనుకు అబద్ధం చెబుతుంది. నిండే దాకా అంతా బాగానే ఉంటుంది. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోవు. కొన్న రోజునే కార్డును పూర్తిగా నింపి, మొదట వేసిన ఫైళ్లనూ చివర వేసిన ఫైళ్లనూ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయండి.

అసలు ఏ పద్ధతి ఎక్కువకాలం నిలుస్తుంది? దీనికి జవాబు తెనాలి-రేపల్లె లైను మీదే ఉంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో రాతి భరిణెలు దొరికాయి. వాటి మీది అక్షరాలు రెండు వేల ఏళ్లకు పైబడినవి. వాటిని పండితుడు జార్జ్ బ్యూలర్ చదవగలిగారు. ఆ లిపిలో కొన్ని అక్షరాలు వేరుగా ఉన్నా, తక్కినవి అశోకుడి బ్రాహ్మీకి దగ్గరివే. బ్రాహ్మీని చదివే తాళంచెవిని జేమ్స్ ప్రిన్సెప్ 1837 నాటికే అందరి ముందూ పెట్టాడు. రాయి గట్టిదైనందుకే కాదు, చదివే పద్ధతి అందరికీ తెలిసినందుకు కూడా ఆ భరిణెల మీదున్న కుబీరకుడనే రాజు పేరు ఇవాళ మనకు తెలుసు. డిజిటల్ ఫైళ్ల సంగతీ ఇంతే. వావ్, ఫ్లాక్, జేపెగ్, పీడీఎఫ్‌లను ఎలా చదవాలో ప్రపంచానికంతటికీ తెలుసు. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సు కూడా 2017లో ముగిసింది. ఒకే కంపెనీ యాప్‌లో తప్ప తెరుచుకోని పద్ధతిలో ఇంటి గొంతులు దాచకండి.

తెనాలి లాంటి ఊళ్లలో డీటీపీ చేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పాత పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కొట్టిన పుస్తకాన్ని ఇవాళ మరో కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. తాతగారి పద్యాలు, ఊరి చరిత్ర, నాటక సమాజం సావనీర్లు అలా ఫ్లాపీల్లో, సీడీల్లో ఉండిపోయాయి. ఆ షాపు ఉండగానే, ఆ ఫాంటు పనిచేసే కంప్యూటరు ఒక్కటైనా ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్పించండి. పనిలో పనిగా ఒక పీడీఎఫ్ కూడా తీయించండి.

ఎక్కించిన ఫైళ్లను ఒకే చోట ఉంచితే పని సగమే అయినట్టు. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక గ్రామాల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బీరువాలో క్యాసెట్టు, అదే బీరువాలో పెన్‌డ్రైవు ఉంటే రెండూ ఒకే నీళ్లలో పోతాయి. మూడు ప్రతులు ఉంచండి. ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవులో, మూడోది హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో. పెన్‌డ్రైవు, చిప్పు కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడుంటే లోపలి సమాచారం నెమ్మదిగా బలహీనపడుతుంది. సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు తగిలించి, ఫైళ్లు తెరిచి చూసి, నాలుగైదేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చండి.

గూగుల్ లాంటి ఖాతాల్లో దాచడమూ మంచిదే. 15 జీబీ వరకు ఉచితం. కానీ రెండేళ్లు వాడని ఖాతాను తొలగించే హక్కు తనకుందని గూగుల్ 2023లో ప్రకటించింది. ఇంటి పెద్ద పోయాక ఆయన ఖాతాను ఎవరూ తెరవకపోతే ఫొటోలన్నీ పోయే ప్రమాదం ఉంది. వాడకం ఆగిపోతే ఎవరికి అందాలో ఆ ఖాతా సెట్టింగుల్లో ముందే రాసిపెట్టే వీలుంది. అది ఈ వారమే చేయించండి.

మరి మొదట ఏ క్యాసెట్టు ఎక్కించాలి? సినిమా పాటలవి చివరికి ఉంచండి, అవి బయట దొరుకుతాయి. ఇంట్లోవాళ్లు మాట్లాడినవి, ఊళ్లో ఆడిన నాటకం పందిట్లో కూర్చుని రికార్డు చేసినవి ముందు తీయండి. ఫైలు పేరులో మొదట సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత మనిషి పేరు రాయండి. ఇంట్లో ఎనభై దాటిన వాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని వినిపించండి. కృష్ణుడి వేషం ఎవరు కట్టారో, హార్మోనియం ఎవరు వాయించారో, మధ్యలో దగ్గింది ఎవరో వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు చెబుతుండగా ఫోనులో రికార్డు చేసి, ఆ ఫైలును కూడా పాట పక్కనే దాచండి.