గని లైన్లు కూడా వారసత్వమే



జీవితమంతా చరిత్ర పాఠం చెప్పిన ఉపాధ్యాయుని పేర చింతామణిలో జరుపుకునే సభ ఇది. ఈసారి కోటలూ గుళ్లూ పక్కన పెట్టి కూలీల ఇళ్ల గురించి మాట్లాడతాను. ఆ ఇళ్లు మనకు పరాయివి కావు. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేదాకా చింతామణి, బాగేపల్లి కూడా కోలారు జిల్లాలోనివే. ఆ జిల్లాకు ప్రపంచంలో పేరు తెచ్చింది కె.జి.ఎఫ్. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారం. దాన్ని తవ్వినవాళ్లు బతికిన చోటుకే 'లైన్లు' అని పేరు.

1880లో ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ గనుల నిర్వహణ చేపట్టింది. చిత్తూరు సీమ నుంచి, ఉత్తర ఆర్కాడు నుంచి, చుట్టుపక్కల కోలారు పల్లెల నుంచి జనం వచ్చారు. చెరువు ఎండితే పైరు ఎండే నేల మనది. కూలికి ఊరు విడవడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దళితులు. గనిలో దిగేవాడి భాష తమిళమైనా, తెలుగైనా, కన్నడమైనా లైనులో గోడ ఒకటే.

ఏ గోడ అది? వెదురు తట్టి అల్లి మట్టి మెత్తిన గోడ. వరసగా ఒంటి గదులు. పొయ్యి, పడక, పురుడు, పీనుగ అన్నీ ఆ గదిలోనే. వీధికొక కొళాయి, వరసకు ఉమ్మడి మరుగుదొడ్లు. లోతున ఒత్తిడికి రాయి పగిలితే పైన ఇళ్లు అదిరేవి. ఏ షిఫ్టులో ఎవరు దిగారో తలచుకుంటూ ఆడవాళ్లు బయటికి పరుగెత్తేవారు. అదే ఊళ్లో ఊరిగాం వైపు దొరల బంగళాలు, తోటలు, క్లబ్బు. 1902లో శివనసముద్రం నుంచి కావేరి కరెంటు దాదాపు 147 కిలోమీటర్లు నడిచివచ్చింది, గని యంత్రాల కోసం.

ఇలాంటి దుర్భరమైన గదుల్ని కాపాడటం ఎందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: దుర్భరమైనవి కాబట్టే కాపాడాలి. ఎంత బంగారం తీశారో కంపెనీ లెక్కల పుస్తకాలు చెబుతాయి. తీసిన మనిషికి ఎంత చోటు ఇచ్చారో ఆ గదే చెప్పాలి. బంగళా మిగిలి లైను కూలిపోతే, రేపటి విద్యార్థికి ఆ ఊరు పూలతోటల ఊరుగానే కనిపిస్తుంది. అది అబద్ధపు చరిత్ర.

పైగా ఆ వరసల్లో పుట్టింది కష్టం ఒక్కటే కాదు. తమిళ దళిత బౌద్ధ ఆలోచనాపరుడు అయోత్తి దాసర్ ప్రభావంతో గనుల ఊళ్లోని మారికుప్పంలో దళితులు బౌద్ధ సంఘం పెట్టుకున్నారు. 1930లో కార్మికుల్ని వేలిముద్రలతో నమోదు చేస్తామన్నప్పుడు వేలమంది పని ఆపారు. 1946 నవంబరులో పోలీసు కాల్పులకు కార్మికులు బలయ్యారు. 1957లో ఆ గనుల ఊరు కమ్యూనిస్టు ఎం.సి. నరసింహన్‌ను శాసనసభకు పంపింది. బాగేపల్లిలో ఎర్రజెండా నీడన పెరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇక అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతుల్లో 1965లో శాస్త్రజ్ఞులు వాతావరణ న్యూట్రినోలను గుర్తించారని పుస్తకాల్లో చదువుకుంటున్నాం. అంత లోతు తవ్వినవాళ్ల చిరునామా మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

కె.జి.ఎఫ్. గనుల్లో పై అధికారులుగా వచ్చినవాళ్లలో చాలామంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాళ్లు. 2006లో యునెస్కో ఆ కార్న్‌వాల్ గని ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. యంత్రశాలలతోపాటు గని కార్మికుల ఇళ్లు కూడా అందులో భాగమే. పని ఒకటే, కాలం ఒకటే. వాళ్ల ఇంటికి దక్కిన గౌరవం మన ఇంటికి దక్కలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. చాలా కుటుంబాలు లైన్లలోనే ఉండిపోయాయి. తెల్లవారక ముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. గాలి లేస్తే, బంగారం తీశాక మిగిలిన సయనైడ్ దిబ్బల దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. వారసత్వం పేరు చెప్పి వీళ్లను కదిలిస్తే అది రెండో అన్యాయం. ఒకటి రెండు వరసల్ని తట్టి గోడలతో సహా ఉన్నదున్నట్టు నిలపాలి. మిగిలిన ఇళ్లను ఉంటున్నవాళ్ల పేర రాసిచ్చి, నీళ్లు, మరుగుదొడ్లు బాగుచేయాలి. ఈ రెండూ కలిసి జరగాలి. ఒకటి చేసి ఒకటి మానేస్తే నేను ఒప్పుకోను.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇళ్ల అటకల మీద తాతగారి గని జీతపు చీటీ గానీ, హాజరు బిళ్ల గానీ, లైను ముందు తీసుకున్న ఫొటో గానీ ఉంటే పారేయకండి. గని చూసిన ముసలివాళ్లు ఇంట్లో ఉంటే, ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.