ఆడపిల్లల పరుగుకి అడ్డుపడుతున్నదేమిటి?

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి హింస గురించి, ఆస్తి హక్కు గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు పరుగు గురించి అంటే కొందరికి వింతగా ఉండవచ్చు. కానీ ఒక ఆడపిల్లకి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది కొన్ని సెకన్ల మీద ఆధారపడినప్పుడు అది మన విషయం కాకుండా ఎలా పోతుంది?

2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని నిబంధన పెట్టారు. ఇలాంటి పరీక్షలకు తయారయ్యే అమ్మాయిల చేత నేను సాధన చేయిస్తుంటాను. మొదటి రోజు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "టీచర్, మా వల్ల అవుతుందా? ఆడవాళ్ల ఒళ్లు పరుగుకి పనికిరాదంటారు గదా!"

ఈ మాట చాలా పాతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. పరుగు ముగిశాక అలసిపోయిన వాళ్లను చూపించి, స్త్రీల శరీరం దీనికి తట్టుకోలేదని పత్రికలు గోల చేశాయి. ఆ పోటీనే ఎత్తేశారు. మళ్లీ 1960లో రోమ్‌లో గానీ పెట్టలేదు. 32 ఏళ్లు! అలసిపోయిన మగవాడు వీరుడయ్యాడు, అలసిపోయిన స్త్రీ అబల అయింది.

వేగం సాధనతో వస్తుంది. 5 నిమిషాల 20 సెకన్లంటే ప్రతి 100 మీటర్లకు 40 సెకన్లు. ఈ లెక్క చెప్పగానే సగం భయం పోతుంది. మొదటి మూడు నాలుగు వారాలు వేగం జోలికి పోము. పక్కనున్న వాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, అవసరమైతే మధ్యలో నడుస్తూ, అరగంట పరుగు. తర్వాత వారానికి రెండు రోజులు మాత్రమే వేగం: 200 మీటర్లు 75 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగు. ఇలా ఆరుసార్లు. అది తేలికయ్యాక 400 మీటర్లు. మిగతా రోజుల్లో నెమ్మది పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. రోజూ శక్తికి మించి పరుగెత్తితే పిక్కలు, మోకాళ్లు దెబ్బతింటాయి తప్ప వేగం పెరగదు.

నేను నేర్పగలిగింది ఇంతే. మిగతాది మైదానం బయట ఉంది. విశ్రాంతి తీసుకోమంటాను, ఇంటికెళ్లగానే అంట్లు, బట్టలు, నీళ్లు ఆ పిల్ల కోసం ఎదురుచూస్తుంటాయి. తెల్లవారుజామున రమ్మంటాను, చీకట్లో తోడెవరని తల్లి అడుగుతుంది. ఆ భయం అబద్ధం కాదు. అన్న పరుగెత్తితే గుడ్డు, పాలు, చెల్లెలు పరుగెత్తితే "ఎవరిని ఉద్ధరించడానికి?" అన్న ప్రశ్న. కండరాలకు ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలని తిట్టే ముందు ఆమెకి రక్త పరీక్ష చేయించాలి.

వరంగల్ జిల్లా కల్లెడలో పేద కుటుంబంలో పుట్టిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్య పతకం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి పాలైన పిల్ల. ఒకరు గుర్తించి, శిక్షణ ఇప్పించడంతో అంత దూరం వెళ్లింది.

అందుకే మీమీ మండలాల్లో కొన్ని పనులు చేపట్టమని కోరుతున్నాను. కాలేజీ, హైస్కూలు మైదానాల్లో ఉదయం, సాయంత్రం ఆడపిల్లలకు కొంత సమయం కేటాయించమని అడగండి. అక్కడ దీపం, మరుగుదొడ్డి ఉండాలని పట్టుబట్టండి. సంఘం సభ్యులు వంతులవారీగా తోడు వెళ్లండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించి, అవసరమైన వాళ్లకు ఐరన్ మాత్రలు అందేలా చూడండి. అన్నిటికంటే కష్టమైన పని తల్లిదండ్రులతో మాట్లాడటం. పరీక్ష అయ్యేదాకా ఆ పిల్ల ఇంటిపనిలో సగం అన్నదమ్ములు చేయాలని చెప్పండి. పరీక్ష అయ్యాక కూడా చేస్తే మరీ మంచిది!