భూమి కంపించిన పొద్దున సైన్స్ విలేకరి



2024 డిసెంబర్ 4, పొద్దున ఏడూ ఇరవై ఏడు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ అదురు హైదరాబాద్ దాకా తెలిసింది. అలాంటి పొద్దున సిద్దిపేట విలేకరికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మన మల్లన్నసాగర్‌కు ఏమన్న అయితదా?"

అడగవలసిన ప్రశ్నే. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లను ముంచి కట్టిన 50 టీఎంసీల జలాశయం అది. భూకంప అధ్యయనాలు పూర్తిగా జరపకుండానే కట్టారని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2024లో ఆక్షేపించింది కూడా.

జిల్లా పత్రికల్లో సైన్స్‌కని వేరే మనిషి ఉండడం అరుదు. వడ్ల కొనుగోలు కేంద్రం, కలెక్టరేట్ చూసుకునే విలేకరే, సాయంత్రం పేజీ పెట్టేలోపు భూకంపం గురించీ రాయాలి. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)కి ఫోన్ చేయాలి. భూకంప కేంద్రం ఎక్కడ, ఎంత లోతున అని అడగాలి. ములుగు కంపం దాదాపు 40 కిలోమీటర్ల లోతున, గోదావరి లోయలో పుట్టింది. 1969లో భద్రాచలాన్ని కుదిపిన 5.7 భూకంపమూ ఆ లోయలోదే. ములుగు కంప కేంద్రానికి మల్లన్నసాగర్ వంద కిలోమీటర్లకు పైనే దూరం. ఈ కంపాన్ని మన జలాశయానికి అంటగట్టడానికి ఆధారం లేదు. "రాత్రికి ఇంకోటి వస్తదట" అన్న కబురు తిరిగితే, గడియ చెప్పగల యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదని మొదటి వాక్యంలోనే రాయాలి.

ఇక్కడికి సగం వార్తే. మిగతా సగానికి ధైర్యం కావాలి: జలాశయం కూడా భూకంపానికి కారణం కాగలదని రాయాలి. మహారాష్ట్రలో కోయనా జలాశయం నిండాక, 1967 డిసెంబర్‌లో 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. నీరు రాతి పగుళ్లలోకి దిగి, అప్పటికే ఒత్తిడిలో ఉన్న పొరలను జార్చగలదు. ప్రతి జలాశయం కిందా అలా జరగదు. జరుగుతుందో లేదో తెలియాలంటే నేలను ఏళ్ల తరబడి కొలుస్తూ ఉండాలి.

మొదటి సగం ప్రాజెక్టును తిట్టేవారికి రుచించదు, రెండో సగం పొగిడేవారికి రుచించదు. అయినా రెండూ ఒకే వార్తలో, ఒకే రోజు రావాలి. అలా రాసినవారినే నేను సైన్స్ విలేకరి అంటాను.

పత్రికల యాజమాన్యాలకు నా విన్నపం: జిల్లాకొక విలేకరికైనా కంపన రేఖలు చదవడం నేర్పించండి. శ్రోతలారా, మల్లన్నసాగర్ చుట్టూ కంపనాలను ఎవరు, ఎలా కొలుస్తున్నారో మీరు చదివే పత్రికను అడగండి.