అడవి అంచున గ్రామసభ

ఖమ్మము పట్టణము నుండి భద్రాచలమునకు పోవు బాటసారికి కొన్ని గంటల ప్రయాణములోనే మూడు వేర్వేరు సీమలు కనబడును. మొదట పత్తి, మిరప, వరి చేలు. తరువాత కొత్తగూడెము బొగ్గు గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రము. ఆపైన టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్ల నడుమ సాగు బాట, సారపాక కాగితపు మిల్లు, గోదావరి వంతెన, ఆవలి గట్టున రామాలయ శిఖరము. ఈ త్రోవలో పొలము ఎచట ముగిసినదో, అడవి ఎచట మొదలైనదో చెప్పుట కష్టము. కాగితము మీది గీటు ఒకచోట నున్నది. నేల మీది నాగటి చాలు మరొకచోట నున్నది. ఈ రెండింటి నడుమ నూరేండ్లకు పైగా తగవు సాగుచున్నది. ఆ తగవు తీరవలసిన చోటు ఏది? కచేరీయా, న్యాయస్థానమా, లేక ఊరి చెట్టు క్రింద కూడిన సభయా? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

అడవిలోని గూడెముల తగవు మనకేల యని పట్టణములలోని శ్రోతలు తలపరాదు. ఇంట రేడియో పలుకుటకు విద్యుత్తు కావలెను గదా! పాల్వంచలోని థర్మల్ కేంద్రమునకు నీరు కిన్నెరసాని జలాశయము నుండి వచ్చుచున్నది. విశ్వనాథ సత్యనారాయణగారి గేయముల వలన తెలుగువారి కందరకు పరిచితమైన ఆ కిన్నెరసాని అడవిలో పుట్టి అడవిలో పెరిగిన వాగు. 1977లో ఆ జలాశయము చుట్టునున్న వనమును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. వాగు గట్టున చెట్టు లేనిచో వానకు మట్టి కొట్టుకొనివచ్చి జలాశయమున మేట వేయును. వేసవిలో ఊట తగ్గును. కనుక గూడెములో పదిమంది కూర్చుండి అడవిని గురించి చేయు నిర్ణయము పట్టణములోని దీపముతో ముడివడి యున్నది.

ఈ సీమకు రెండు చరిత్రలు కలవు. పాల్వంచ, ఇల్లెందు ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. భద్రాచలము, నూగూరు తాలూకాలు మద్రాసు ప్రభుత్వపు ఏజెన్సీలోనివి. 1953లో ఖమ్మము జిల్లా వరంగల్లు నుండి వేరుపడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుండి వచ్చి ఇందులో చేరినవి. 2014లో పోలవరము ప్రాజెక్టు కారణముగా ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఇన్నిమార్లు సరిహద్దులు మారినను, అడవిని గురించిన నిర్ణయములు మాత్రము అడవికి దూరముననే జరుగుచు వచ్చినవి.

1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టము అడవులను రిజర్వు చేసి, పోడు సేద్యమునకును, పశువుల మేతకును, కట్టెపుల్లలకును అడ్డు కట్టినది. తాతల నాటి నుండి అనుభవించిన దానికి అనుమతి కోరవలసి వచ్చినది. అనుమతికి లంచము, లంచము లేనిచో జరిమానా. 1922 నుండి 1924 వరకు మన్యములో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున రగిలిన పోరాటమునకు రోడ్డు పనుల వెట్టితోబాటు ఈ అటవీ నిర్బంధములును కారణములు. అడవిలో బ్రతుకువానిని అడుగక చేసిన చట్టము అడవికి రక్షకులను సంపాదింపలేదు; శత్రువులను సంపాదించినది.

నిజాము వైపున జనము మరియొక విధమున మేల్కొన్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముతో మొదలైన గ్రంథాలయోద్యమము చదువరులను ఒకచోట కూర్చెను. ఆ కూడికల నుండియే సభలు పుట్టినవి. ఆంధ్ర మహాసభ తన మూడవ సమావేశమును 1934లోను, పండ్రెండవ సమావేశమును 1945లోను ఖమ్మములోనే జరుపుకొన్నది. ఆ దశాబ్దమున తెలంగాణ పల్లెలలో 'సంఘము' అనుమాట ఇంటింటి మాట యైనది. వెట్టి చేయము, అక్రమముగా కొలువము అని చెప్పుటకు ముందు ఆ జనము మరొక పని నేర్చినది: వలయముగా కూర్చుండుట, ఒకరి తరువాత ఒకరు మాటాడుట, అర్జీ వ్రాయుట, లెక్క చూచుట. రాజకీయమునకు ఓనమాలు ఇవియే. నేటికిని ఈ జిల్లాలో ఏ యూరికి పోయినను బొడ్రాయికి సమీపమున నాలుగైదు పార్టీల జెండా గద్దెలు కనబడును. ఇచటి జనమునకు సభ క్రొత్తది కాదు. సంఘము క్రొత్తది కాదు.

ఐనను ఆ సంఘముల దృష్టి అడవి మీద ఎట్లు ప్రసరించినదో తెలియుటకు తునికాకును ఉదాహరణముగా తీసికొందము. బీడీలు చుట్టు ఆకు ఇది. వేసవికి ముందు కొమ్మలు కొట్టుదురు. క్రొత్త చిగురు ముదురగనే తెల్లవారకముందే ఆడవారు, పిల్లలు అడవికి పోయి ఆకు కోసి తెత్తురు. యాబది ఆకులు ఒక కట్ట. సాయంకాలము కల్లములో లెక్క యిచ్చి, వరుసలుగా పరచి ఎండబెట్టుదురు. 1971లో ప్రభుత్వము ఈ వ్యాపారమును తన చేతిలోనికి తీసికొన్నది. కట్టకు ఎన్ని పైసలు అనుదానిపై ఏండ్ల తరబడి సంఘములు పోరాడినవి, ధర పెంచుకొన్నవి. అది న్యాయమైన పోరాటము. అయితే చిగురు బాగుగ వచ్చునని అడవి నేలకు నిప్పు పెట్టు దురాచారము ఒకటి కలదు. ఆ నిప్పునకు తునికి చిగిర్చవచ్చును గాని, విప్ప మొలక మాడును, వెదురు గింజ మాడును, పక్షి గూడు మాడును. ధరను గురించి సభ కూడినంత తరచుగా నిప్పును గురించి సభ కూడలేదు. అడవి మీద హక్కు తమది కానప్పుడు అడవికి కలుగు నష్టము తమ నష్టమని జనమునకు తోచునా? కూలి వరకే తమదని తోచుట సహజము.

ప్రభుత్వమును ఈ లోపమును గుర్తింపకపోలేదు. 1992 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వన సంరక్షణ సమితులు వెలసినవి. ఊరివారు అడవికి కాపు కాయవలెను. ఫలసాయములో పాలు పొందవలెను. కొన్ని యూళ్లలో మోడువారిన గుట్టలు మరల పచ్చనైనవి. కాని సమితికి కావలి పని వచ్చినంత సులువుగా పెత్తనము రాలేదు. పద్దు అధికారి చేతిలో నుండెను. కొన్నిచోట్ల పేదల పోడు భూములే సమితి పేరున తోటలుగ మారినవని ఆరోపణలు వచ్చినవి. ప్రాజెక్టు ధనము తరిగిన పిదప అనేక సమితులు పేరునకే మిగిలినవి. బాధ్యత నిచ్చి హక్కు నీయని యేర్పాటు ఎక్కువ కాలము నిలువదని ఇందువలన తెలియుచున్నది.

అటుపిమ్మట రెండు చట్టములు వచ్చినవి. 1996లో వచ్చిన పెసా చట్టము, షెడ్యూల్డు ప్రాంతములలో గూడెపు ప్రజల గ్రామసభకు తమ వనరులను తమ ఆచారము ననుసరించి కాపాడుకొను శక్తి కలదని చెప్పినది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము ఇంకను ముందునకు పోయినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న అర్హుల భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండ, హక్కు నిచ్చినది. వెదురు, తునికాకు, ఇప్పపువ్వు, తేనె మొదలగు అటవీ ఫలసాయము మీద హక్కు నిచ్చినది. ఊరి సంప్రదాయపు హద్దులలోని అడవిని సమష్టిగ కాపాడుకొనుటకు, పెంచుకొనుటకు హక్కు నిచ్చినది. ఆ చట్టమునందే అయిదవ విభాగము కలదు: అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను రక్షించుట హక్కుదారులకును గ్రామసభకును కర్తవ్యమని అది చెప్పుచున్నది. ఈ చట్టము క్రింద సభ చెల్లవలెనన్న సభ్యులలో సగమునకు తగ్గక హాజరు కావలెను. హాజరైనవారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెను. ఆకు కోయు చేతులు, నీరు మోయు భుజములు సభలో లేకుండ అడవిని గురించి నిర్ణయము చేయరాదని ఈ నియమమునకు తాత్పర్యము.

ఇది కాగితపు మాటయేనా, ఎచటనైనను జరిగినదా యని శ్రోతలు అడుగవచ్చును. మన పొరుగుననే మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అను గోండుల పల్లె కలదు. 2009లో ఆ యూరికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు లభించినది. 2011లో తమ వెదురును తామే అమ్ముకొనుటకు రవాణా పత్రములు ఇచ్చు అధికారమును వారి గ్రామసభ చేతికి వచ్చినది. అచట పదిమంది పెద్దలు తీర్మానించి తక్కినవారికి చెప్పుట ఆచారము కాదు. అందరును ఒప్పువరకు మాటాడుదురు. ఇక ఒడిశాలోని నియమగిరి సంగతి. బాక్సైటు గని కొరకు ఆ కొండను త్రవ్వవచ్చునా యని 2013లో సర్వోన్నత న్యాయస్థానము గ్రామసభలనే అడుగుమన్నది. పండ్రెండు పల్లెలలో సభలు జరిగినవి. పండ్రెండును వలదన్నవి. గని ఆగినది. న్యాయమూర్తి సమక్షమున డోంగ్రియా స్త్రీలు, పురుషులు తమ కొండను గురించి మాటాడిన ఆ సభలు ఈ దేశపు ప్రజాస్వామ్య చరిత్రలో చిరస్మరణీయములు.

మన సీమ మాట యేమి? ఇచట వ్యక్తిగత పోడు పట్టాలను గురించి జరిగినంత చర్చ సామూహిక హక్కులను గురించి జరుగలేదు. పట్టా చేతికి వచ్చుట కుటుంబమునకు ధైర్యము; దానిని తక్కువ చేయరాదు. కాని పట్టాలన్నియు పంచిన పిమ్మట మిగిలిన అడవి ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నకు సమాధానము లేనందున కలుగు ఫలితము ఎంత దారుణమో 2022 నవంబరులో తెలిసినది. చండ్రుగొండ మండలములో నాటిన మొక్కల దగ్గర జరిగిన తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి విధి నిర్వహణములో ప్రాణము కోల్పోయెను. ఒక ఇల్లు దిక్కు లేనిదైనది. ఆ గూడెము భయములో మునిగినది. మొక్క నాటువాడును, భూమి దున్నువాడును గొడ్డలి నడుమ నుంచుకొని ఎదురెదురుగ నిలుచు దుస్థితి మరల రాకూడదన్న, వారిరువురు ఒక చాప మీద కూర్చుండు చోటు ఒకటి ముందే ఉండవలెను.

ఆ చోటు గ్రామసభయే. ఫాల్గుణములో కొమ్మ కొట్టుటకు ముందే సభ కూడి, నిప్పు పెట్టరాదనియు, మంట లేచినచో ఎవరెవరు వంతుల వారీగా పోవలెననియు నిశ్చయింపవచ్చును. పోడు హద్దులను అధికారులతో కలిసి నడచి చూచి, వాగు ఒడ్డున ఇంత మేర దున్నరాదని తామే కట్టడి చేసికొనవచ్చును. తునికాకు బోనసు, వెదురు డబ్బు లెక్కను అందరికి వినబడునట్లు చదివింపవచ్చును. పార్టీల కార్యకర్తలు తమ జెండాలను గద్దెల మీదనే యుంచి వచ్చి సభలో పొరుగువారుగా కూర్చుండవలెను. సభను నడపుటలో వారికి గల అనుభవము గూడెమునకు పెన్నిధి. తమ పక్షమునకు మాత్రమే దానిని వినియోగించినచో గూడెము రెండుగా చీలును, నడుమ అడవి నశించును.

ఈ సందర్భమున వనజీవి రామయ్యగారిని తలచుట మన విధి. ఖమ్మము చేరువనున్న రెడ్డిపల్లిలో నివసించిన దరిపల్లి రామయ్యగారు జేబుల నిండ విత్తనములు నింపుకొని, మెడలో చెట్ల మహిమను చాటు పలకను వ్రేలాడదీసికొని, సైకిలు మీద తిరుగుచు ఖాళీ నేల కనబడినచోటనెల్ల మొక్క నాటిరి. భార్య జానమ్మగారు ఆయనకు తోడైరి. కోటి మొక్కలు నాటినవారని లోకము ఆయనను కీర్తించినది. 2017లో పద్మశ్రీ లభించినది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూసిరి. మొక్క నాటుటకు ఒక్క మనిషి చాలునని ఆయన జీవితము నిరూపించినది. అయితే ఆయన నాటిన చెట్టు మీదికి ఇప్పుడు గొడ్డలి వచ్చినచో అడ్డుపడువారెవరు? ఒక్కని సంకల్పము నాటినదానిని పదిమంది కట్టడియే నిలుపవలెను.

చట్టము పట్టణవాసిని గూడ విడిచిపెట్టలేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని నిర్దేశించినది. 2019 నాటి పురపాలక చట్టము ప్రతి వార్డునకును యువకులతో, స్త్రీలతో, వృద్ధులతో, ప్రముఖులతో నాలుగు సంఘములను ఏర్పరుపుమన్నది. ఖమ్మములో లకారము చెరువు గట్టున నడచువారును, 2024 సెప్టెంబరులో మున్నేటి వరద ఇంటిలోనికి వచ్చుట చూచినవారును ఆ సంఘములలో కూర్చుండుటకు అర్హులు కారా? చెరువులోనికి పోవు మురుగును గురించియు, వాగు పొరంబోకులో లేచిన గోడను గురించియు అడుగవలసినది వారే. ఇరుగుపొరుగువారు పదిమంది నెలకొకసారి కూడి, చేసిన తీర్మానమును వ్రాసి, మరుసటి నెల అది జరిగినదా యని విచారించినచో, అదియే చిన్న గ్రామసభ.

వానలు కురియుట మనచేత కాదు. గోదావరి పొంగుట మనచేత కాదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద ఆ నది 71 అడుగులు దాటినది. 1986లో 75 అడుగులు దాటినది. మన చేతిలోనున్నది మన యూరి వాగు, మన యూరి గుట్ట, మన యూరి చెరువు. వానిని గురించి మాటాడు సభకు పిలుపు వచ్చిననాడు మనము పోవలెను. పిలుపు రానిచో, ఏల పిలువలేదని అడుగుటకైనను పోవలెను.