కిటికీలో కిటికీ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తరతరములుగ ఈ గడ్డపై స్థిరపడిన మన యిండ్లలో తెలుగు నిలిచియున్నది. వీధిలో వినవచ్చునది వేరొక భాష. కనుక కంప్యూటరుపై తెలుగు పాఠము కనుపించిన చాలును, ప్రశ్నింపక ఆహ్వానించు ఆతురత మనకు సహజము. అయితే ఆ పాఠము కనుపించు కిటికీ యెట్టిదో తల్లిదండ్రు లెరుగుట అవసరమని మేము తలంచుచున్నాము.

కంప్యూటరులో స్థాపించుకొను పాఠ్య ప్రోగ్రాములు కొన్నింట మెనూలు, మీటలు ప్రోగ్రామువే. నడుమ పాఠము చూపు భాగము మాత్రము బ్రౌజరు. చిరునామా పట్టీ కానరాదు గనుక అది బ్రౌజరని మనకు తోచదు.

ఈ యెరువు ఎందుకు? ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమును యూనికోడులో ఆరు సంకేతముల వరుసగ వ్రాయవలెను. ఒత్తులను, గుడి దీర్ఘమును తగిన చోట నిలిపి చూపుట సులభము గాదు. బ్రౌజరు ఆ విద్యను ముందే నేర్చియున్నది. బొమ్మలను, ధ్వనిని, వీడియోలను గూడ చూపగలదు. కావుననే ప్రోగ్రాము వ్రాయువారు ఆ యంగమును తెచ్చి తమ కిటికీలో అమర్చుకొందురు.

అయితే ఎరువు సొమ్ము బరువు చేటు. విండోసులో చిరకాలము వాడబడిన అంగము ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు చెందినది. ప్రోగ్రాము ప్రత్యేకముగ కోరని యెడల, అది పేజీలను 2006లో వెలువడిన ఏడవ కూర్పు రీతినే చూపును. విండోస్ 10 కూర్పులు పెక్కింట ఆ బ్రౌజరునకు మైక్రోసాఫ్టు మద్దతు 2022 జూన్ 15న ముగిసినది. అంగము మాత్రము పాత ప్రోగ్రాములలో నిలిచియున్నది. క్రోమియం ఆధారముగ నిర్మితమైన వెబ్‌వ్యూ2 సాధారణముగ తనంత తానే నవీకరణము పొందును.

అంతకన్న ముఖ్యమైనది నమ్మకము. కిటికీ నమర్చిన ప్రోగ్రాము, అందు మనము టైపు చేయు ప్రతి యక్షరమును చదువగలదు. ఇట్టి కిటికీలనుండి వచ్చు ఖాతా ప్రవేశపు అభ్యర్థనలను ఇకపై అంగీకరింపబోమని గూగుల్ 2016లోనే ప్రకటించినది. మరియు మన ఫైళ్లను ముట్టు అధికారమును ప్రోగ్రాము లోపలి పేజీకి ఇచ్చినచో, ఆ చోటికి వచ్చిన పరాయి పేజీయు దానిని వాడుకొనవచ్చును.

కావున మా మనవి మూడు మాటలు. పాఠపు కిటికీలో బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులను పిల్లలచే వ్రాయింపకుడు, మీరును వ్రాయకుడు. ‘లోపలి బ్రౌజరేది? దానికి నవీకరణము లెట్లు వచ్చును?’ అని అమ్మువారిని అడుగుడు. పరాయి లంకెలు వెలుపలి బ్రౌజరులోనే తెరచుకొనునా యని పరీక్షింపుడు.

తెలుగు పాఠము మన యింటికి రావలెను. అయితే అది వచ్చు కిటికీకి గడియ యున్నదో లేదో చూచుకొనుట మన విధి.