పాత మారుతి కారు – మన బోరు నీళ్ళు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున కరువు భృతి గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడడం మనకు ఆనవాయితీ. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ కారు సంగతి చెప్పండి" అన్నారు. ఈ మధ్య మన సభ్యులు నలుగురైదుగురు సెకండ్ హ్యాండ్ కారు కొనాలని నన్ను సలహా అడిగారు. వాళ్ళకు విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పమని వారి ఉద్దేశం. నేను మెకానిక్కును కాను. భూగర్భ జలశాఖ ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు నీళ్ళు పరీక్షించి 2016లో రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగానికీ కారుకూ ఏం సంబంధమంటారా? అక్కడే ఉంది నా కథంతా.

మన పెన్షన్ హక్కును నిలబెట్టిన నకారా కేసు తీర్పు 1982 డిసెంబరు 17న వచ్చిందని మీకందరికీ తెలుసు. ఆ తర్వాత ఏడాదికి, 1983 డిసెంబరు 14న, మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీగారు అందజేశారు. మనం సర్వీసులో ఉన్న రోజుల్లో అది పెద్ద ఆఫీసర్ల కారు. మనకు స్కూటరే గొప్ప. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆపేశారు. ఇప్పుడు అది మన చేతికందే ధరకు వచ్చింది. అయితే ఇవాళ దొరికే ఏ మారుతి 800 అయినా పదేళ్ళు దాటినదేనని గుర్తుంచుకోవాలి.

నేను 2018లో కొన్నాను. 2004 మోడలు, ఏపీ 02 నంబరు, ధర యాభై ఎనిమిది వేలు. షోకు కోసం కాదు. మా ఇంటామెకు గుండె జబ్బు. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి మూడు నెలలకొకసారి వెళ్ళాలి. బస్సులో నిలబడి వెళ్ళే ఓపిక ఆమెకు లేదు.

ఏడాది బాగానే తిరిగింది. రేడియేటర్లో నీళ్ళు తగ్గినప్పుడల్లా పెరట్లో బోరు నీళ్ళే పోసేవాణ్ణి. కూలెంట్ అనేది మంచు పడే దేశాలవారికి కావలసిందనీ, అనంతపురం ఎండకు దాంతో పనేమిటనీ నా నమ్మకం. 2019 మే నెలలో పొద్దున్నే బయలుదేరాం. ధర్మవరం దాటాక వేడి చూపే ముల్లు పైకి పాకింది. అక్కడే ఆపవలసింది. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే కొత్తచెరువు వస్తుంది కదా అని లాగించాను. ఆ నాలుగు కిలోమీటర్లే నా కొంప ముంచాయి. బానెట్ కింద నుంచి పొగలాగా ఆవిరి వచ్చి బండి నిలిచిపోయింది. దిగి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే, ట్రాక్టరు మీద పోతున్న ఒక కుర్రవాడు కేక వేశాడు: "పెద్దాయనా, మూత ముట్టుకోవద్దు, మొగం కాల్తాది!" అతని పుణ్యాన ఇవాళ ఈ ముఖంతో మీ ముందు నిలబడ్డాను.

ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు పరీక్ష జరగలేదు. ఎండలో మా ఇంటామె ముఖం వాడిపోయి ఉంది. నన్ను తిట్టలేదు. మెకానిక్ సంగతి చెప్పిన తర్వాత మాత్రం ఒక్క మాటంది: "ముప్పై ఏండ్లు ఊరందరి బోర్లూ పరీక్ష చేసినారు, మన బోరు ఒకటి చేసుకోకపోతిరే!"

మెకానిక్ రేడియేటర్ విప్పి చూపించాడు. సన్నని గొట్టాల్లో సగం పూడిపోయి ఉన్నాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి సున్నపు పొరే అది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గట్టిగా అంటుకుంటాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చునని, వేరే గతి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఆ 600 దాటిన బోర్లు ఎన్నో నా చేతి మీదుగా పోయాయి. పాత ఆఫీసుకు వెళ్ళి మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే 820 వచ్చింది. సిగ్గుపడ్డాను.

ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు. అది అల్యూమినియంది. అతిగా వేడెక్కితే వంగుతుంది, దాని కింది గ్యాస్కెట్ కాలిపోతుంది. బిల్లు దాచిపెట్టాను, చదువుతాను: బండి లాక్కొచ్చినందుకు 2,500, హెడ్ చదును చేయించడానికి 800, గ్యాస్కెట్ సెట్టు 1,400, కొత్త రేడియేటర్ 2,800, థర్మోస్టాట్ 450, కూలెంట్ 600, కూలి 3,500. మొత్తం 12,050 రూపాయలు. ఆ ఏడాది ముందుగానే ఆరువందల కూలెంట్ పోసి ఉంటే మిగతాది ఖర్చయ్యేది కాదు. కూలెంట్ చలికే కాదు, వేడికి కూడా. అది నీరు మరిగే స్థాయిని పెంచుతుంది, తుప్పు పట్టనివ్వదు. దాన్ని బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. వాన నీళ్ళు పట్టుకుంటే సరిపోదా అని ఒక మిత్రుడు అడిగాడు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే ఊళ్ళో రేడియేటర్ కోసం వానకు ఎదురుచూడమంటారా?

కొనబోయే వారికి నా మనవి. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బండి చూడండి. మీరు వెళ్ళేసరికే స్టార్ట్ చేసి పెట్టి ఉంటే, ఇంకో రోజు వస్తామని చెప్పండి. రేడియేటర్ మూత తీసి లోపల తుప్పు నీళ్ళా, రంగు కూలెంటా చూడండి. ఇంజన్ ఆయిల్ మూత కింద మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్లు అనుమానించాలి. ఇరవై నిమిషాలు ఇంజన్ తిప్పి, ఫ్యాను దానంతట అది తిరిగి, ఆగుతోందా చూడండి. మన ఎండలకు భయపడి థర్మోస్టాట్ పీకేసి, ఫ్యానుకు నేరుగా వైరు కలిపేసిన బళ్ళు ఉంటాయి. అలాంటి బండి ఇదివరకే ఉడికిందని అర్థం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమంటే సీవీ జాయింట్లు పోయినట్లు. నాకు వాటికి 3,800 అయింది.

మన కరువు ఒక మేలు కూడా చేసింది. సముద్రతీరపు ఊళ్ళ కార్లలాగా ఇక్కడి కార్ల అడుగు రేకు తొందరగా తుప్పు పట్టదు. అయినా మ్యాట్ ఎత్తి చూడాలి. అయితే ఎండకు రబ్బరు ఎండిపోతుంది. టైర్ల అరుగుదల చూసి మోసపోకండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మనవాళ్ళ కార్లు తక్కువ తిరుగుతాయి గనుక టైర్లు కొత్తవిలాగే కనిపిస్తాయి, లోపల మాత్రం పగుళ్ళు. శనక్కాయ నూర్పిళ్ళ కాలంలో ఎయిర్ ఫిల్టర్ తరచుగా దులపాలి.

కాగితాల సంగతి. బెంగళూరులో చవక అని పరుగెత్తకండి. మన మిత్రుడొకరు అక్కడ ఇరవై వేలు తక్కువకు కొన్నారు. తర్వాత ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. మిగిలిన ఇరవై వేలూ అటే పోయాయి. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2019లో దాని ఫీజు ఆరువందలు. 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు, నేను 2024లో కట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో పది వేలు చేశారు. పాత బండి ధరలో ఇది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి.

విడిభాగాలకు కొరత లేదు, అదే ఇంజన్ ఆమ్నీలోనూ ఉండేది. బ్యాటరీ, టైర్లు, క్లచ్, టైమింగ్ బెల్టు, రంగు, ఫీజు అన్నీ కలిపి ఈ ఏడేళ్ళలో 51,150 ఖర్చు చేశాను. పెట్రోలు, ఇన్సూరెన్సు వేరు. అంటే యాభై ఎనిమిది వేల కారుకు లక్షా పది వేలు. ఈ రెండో సగం చేతిలో లేనివారు మొదటి సగం పెట్టకూడదని నా అభిప్రాయం. కమ్యుటేషన్ డబ్బంతా కారుకే పోసి, మొదటి రిపేరుకు అప్పు చేసినవారిని చూశాను. నెలకొకసారి కూడా ఊరు దాటే పని లేకపోతే అద్దె కారు పిలుచుకోవడమే లాభం. నేను ఎందుకు ఉంచుకున్నానంటే, అర్ధరాత్రి ఆమెకు ఆయాసం వస్తే ఎవరికీ ఫోను చేసి బతిమాలనక్కరలేదు. అలా రెండుసార్లు పనికొచ్చింది.

కారు బయట వేపచెట్టు కింద ఉంది. కావలసినవారు సభ ముగిశాక వచ్చి చూడవచ్చు. బానెట్ నేనే తెరుస్తాను. ఇప్పుడే నడుపుకుంటూ వచ్చాను గనుక రేడియేటర్ మూత మాత్రం భోజనాలయ్యాక తీద్దాం. సెలవు.