ఠాణాలో రాసింది చదివి వినిపించమనండి



ఈ వేళ చెప్పుకునేది ఒక అర్జీ గురించి. పింఛను అర్జీ కాదు. ఇంటి స్థలం అర్జీ కాదు. కులం పేరు పెట్టి తిట్టినప్పుడు, కొట్టినప్పుడు, నీళ్లు పట్టుకోనివ్వనప్పుడు పోలీసు స్టేషనులో ఇచ్చే అర్జీ.

"ఊళ్లో బతకాల్సినోళ్లం, పోలీసులతో మనకెందుకు?" అని చాలామంది అంటారు. ఆ మాట భయంతో వచ్చేది. ఆ భయం ఊరికే పుట్టలేదు. కేసు పెడితే రేపు కూలికి పిలవరు. కిరాణా కొట్లో అప్పు పుట్టదు. కౌలు పొలం లాగేసుకుంటారు. అందుకని భయపడేవాళ్లను ఎవరూ చులకన చేయనక్కర లేదు. అయితే చట్టంలో ఏముందో తెలియక ఊరుకోవడం వేరు. తెలుసుకుని, ఇంట్లో వాళ్లతో ఆలోచించుకుని అడుగు వేయడం వేరు.

కారంచేడు పేరు విన్నారా? అది ప్రకాశం జిల్లాలో ఉండేది. దళితులు తాగే నీళ్లను పాడు చేస్తుంటే వద్దన్నందుకు అక్కడ గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో ఊరు వదిలి చీరాల చేరారు. ఆ తర్వాత పెద్ద ఉద్యమం లేచింది. అలాంటి ఉద్యమాల ఫలితంగానే 1989లో కొత్త చట్టం వచ్చింది. దాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అంటారు. 1990 జనవరి 30 నుంచి అది అమల్లో ఉంది. ఇక్కడ అత్యాచారం అంటే ఆడవాళ్ల మీద జరిగేది ఒక్కటే కాదు. దళితుల మీద, గిరిజనుల మీద జరిగే దౌర్జన్యాలన్నీ అందులోకి వస్తాయి.

చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ప్రాసిక్యూషన్ వారు నేరం రుజువు చేయలేకపోయారంది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అంత పెద్ద కేసే అలా అయింది. మొదటి రోజున కాగితం మీద ఏం పడింది, ఎవరి పేర్లు పడ్డాయి అన్నది ఎంత పెద్ద సంగతో దీన్ని బట్టి ఊహించుకోండి.

ఇంకో పాత చట్టం కూడా ఉంది. అది 1955 నాటిది. 1976లో దానికి పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అంటరానితనం పాటిస్తే ఆ చట్టం కింద నేరం. గుడిలోకి రానివ్వకపోవడం నేరం. హోటల్లో అందరికీ ఒక గ్లాసు, దళితులకు వేరే గ్లాసు పెట్టడం నేరం. "మా కొట్టు, మా ఇష్టం" అంటే కుదరదు.

1989 చట్టంలో శిక్షలు ఎక్కువ. చాలా నేరాలకు ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జుల్మానా ఉంటాయి. 2016 జనవరి 26 నుంచి ఇంకొన్ని నేరాలు చేర్చారు. వీధిలో చెప్పులు వేసుకోనివ్వకపోవడం, సైకిలు ఎక్కనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు ఆపడం, శ్మశానానికి దారి ఇవ్వకపోవడం ఇందులో ఉన్నాయి. పనికి పిలవకుండా, సరుకులు అమ్మకుండా వెలివేయడం కూడా నేరమే. కూలి మాన్పిస్తే అది కూడా ఇంకో కేసు అవుతుందన్న మాట.

ఇక స్టేషను సంగతి.

ఒక కూలి తల్లిని బోరింగు దగ్గర కులం పేరుతో తిట్టి, బిందె విసిరికొట్టారనుకోండి. ఆమె స్టేషనుకు వెళ్లింది. రైటరు అడుగుతాడు, "ఏందమ్మా, ఏం జరిగింది?" ఆమె నోటితో చెబితే చాలు. అర్జీ రాసుకుని రావాలని లేదు. చెప్పింది పోలీసులే రాయాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఇది పోలీసుల దయ కాదు, చట్టంలో రాసి ఉన్న విధి.

"సరేగాని, ఇక్కడ వేలిముద్ర వెయ్" అని తొందర పెడితే?

"ఒక్క నిమిషం సారూ. నేను చదువుకుంటాను. లేకపోతే మీరు నిదానంగా చదవండి" అనాలి.

అక్షరం నేర్చుకున్నది ఇలాంటి చోట అక్కరకు రావాలి. కూడబలుక్కుని చదవండి. ఎంతసేపైనా ఫరవాలేదు. తిట్టినవాళ్ల పేర్లు అన్నీ ఉన్నాయా? ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎక్కడ? చూసినవాళ్లు ఎవరు? తిట్టిన మాట ఉన్నది ఉన్నట్టు పడిందా? చాలామంది ఆడవాళ్లు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి "నానా మాటలన్నాడు" అని ఊరుకుంటారు. అలా రాస్తే కేసు బలహీనపడుతుంది. కులం పేరుతో ఏమన్నాడో అదే పడాలి. ఇంకొకటి. తిట్టడం నలుగురి కంటబడే చోట జరిగిందా లేదా అని చట్టం చూస్తుంది. అందుకని చోటు, సాక్షులు తప్పక రాయించాలి. దెబ్బలు తగిలితే అదే రోజు సర్కారు ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకు చూపించాలి.

రాసిన దాన్ని ఎఫ్.ఐ.ఆర్. అంటారు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. నకలు చేతికి రానిదే ఇంటికి రావద్దు. కుల ధ్రువపత్రం ఉంటే జత చేయండి. లేదని ఆగవద్దు, తర్వాతైనా ఇవ్వొచ్చు.

"ఇది మా స్టేషను పరిధి కాదు" అనే మాట కూడా వినపడుతుంది. అది చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషనులోనైనా రాసుకోవాలి. వాళ్లే దాన్ని ఆ పరిధిలోని స్టేషనుకు పంపుకోవాలి. "ముందు విచారణ చేస్తాం, తర్వాత రాస్తాం" అన్నా ఈ కేసుల్లో కుదరదు. అలాంటి విచారణ అక్కరలేదని 2018లో చట్టాన్ని సవరించారు.

అయినా రాసుకోలేదు. అప్పుడు జరిగిందంతా కాగితం మీద రాసి జిల్లా ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపాలి. రసీదు దాచాలి. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు. కావాలని విధి తప్పిన అధికారికి, అతను ఎస్సీ, ఎస్టీ కాకపోతే, ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. ఈ మాట మర్యాదగా గుర్తు చేస్తే చాలు, కొన్ని కలాలు కదులుతాయి.

ఈ కేసును డీఎస్పీకి తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో కోర్టులో చార్జిషీటు వేయాలి. ప్రభుత్వం ఇచ్చే పరిహారం విడతలుగా వస్తుంది. చాలా నేరాలకు మొదటి విడత ఎఫ్.ఐ.ఆర్. దశలోనే రావాలి. ఈ సంగతి కలెక్టరు కార్యాలయంలో అడగాలి. కలెక్టరు అధ్యక్షతన ఒక నిఘా కమిటీ ఉంటుంది. అది కనీసం మూడు నెలలకు ఒకసారి కూర్చోవాలి. నెలాఖరున ఊళ్లలో జరిపే పౌర హక్కుల దినం నాడు తహశీల్దారు, ఎస్సై వస్తారు. రెండు గ్లాసుల సంగతి, గుడి సంగతి వాళ్ల ముందు చెప్పడానికి అది మంచి అదను. కొన్నిచోట్ల ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అలాంటప్పుడు అర్జీ చేతిలో పెట్టి, అందినట్టు సంతకం అడగండి.

తర్వాత పెద్దమనుషులు వస్తారు. "రాజీ పడండమ్మా, ఎందుకీ గోల" అంటారు. రచ్చబండ మీద రాజీ అయినంత మాత్రాన కేసు దానంతట అది పోదు. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టవద్దు. సాక్షులను బెదిరిస్తే అది కూడా రాసి ఇవ్వండి, రక్షణ అడగండి. నిందితుడు బెయిలు అడిగినప్పుడు బాధితులకు ముందే కబురు చేయాలి. కోర్టులో వాళ్ల మాట వినాలి. వాయిదాలకు వెళ్లే బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు, బత్తా ఇవ్వాలి. బస్సు టిక్కెట్లు పారేయకుండా ఉంచుకోండి.

ఎవరికి చెప్పాలో తోచనప్పుడు 14566కు ఫోను చేయవచ్చు. ఈ నంబరు 2021 డిసెంబరులో మొదలైంది. ఇలాంటి ఫిర్యాదుల కోసమే పెట్టారు. ప్రాణాపాయం ఉంటే 112కు చేయండి. ఈ రెండు నంబర్లూ నోటుపుస్తకం అట్ట లోపలి వైపు రాసుకోండి.